ఖాళీగా ఉంచవలసిన చోటు

నమోదు 41. శుద్ధ సప్తమి, చిన్న పోటు

సముద్రం వెనక్కి తగ్గే పాటు వేళ, గట్టులోని ఆరో తలుపు దగ్గర నీళ్లలోకి దిగి, మట్టం కొలిచే గొట్టానికి పట్టిన గుల్లలు గీకాను. పైకొచ్చి తలుపుని నడిపే పెట్టె తెరిచి, బోర్డు మీద పేరుకున్న ఉప్పు బ్రష్‌తో దులిపాను. ఈ పని రోజూ ఎవరో ఒకరు చెయ్యకపోతే తలుపుకి పోటు వచ్చిన సంగతి తెలియదు. తలుపుకి తెలియకపోతే సముద్రం లోపలికొస్తుంది. ఈ డెల్టాలో పంట పండే నేలంటూ మిగిలిందంతా ఈ తలుపుల వెనకే ఉంది.

తలుపుల్ని నడిపే ఫర్మ్‌వేర్ పేరు తూము. అది ఏ కంపెనీ సొత్తూ కాదు. నూరేళ్ల పైనుంచి ఎక్కడెక్కడి జనమో జీతం లేకుండా కలిసి రాసుకున్నది. ఎవరైనా చదవొచ్చు, ఎవరైనా దిద్దొచ్చు. అందుకే నేనీ పనిలో చేరాను. బడికి వెళ్లింది తక్కువ. పడవలవాళ్లు సిమెంటు సంచి కాగితం మీద అచ్చేసి పంచే కరపత్రాలు చదివింది ఎక్కువ. "కారణం అడగనివ్వని ఆజ్ఞ సంకెల" అంటుంది అందులో ఒకటి. అది నా మంచం పైన గోడకి అంటించి ఉంది.

ఇవాళ తూము కోడ్‌లోనే ఒక సంకెల దొరికింది. తలుపు బోర్డు మీది చిప్‌లో ఆఖరి భాగాన్ని వదిలేస్తూ ఎవరో ఒక మాట రాసిపెట్టారు: "ఈ చోటు ఖాళీగా ఉంచండి. ఎందుకో ఇక్కడ చూడండి." పక్కన లంకె. తెరిచాను. రొయ్యల మేత కొట్టు వచ్చింది. నవ్వుతున్న రొయ్య బొమ్మ, దాని కింద "బస్తా కొంటే జల్లెడ ఉచితం."

స్టేషన్‌లో నాతో పాటు ఉండేది గవర్రాజు బాబాయ్ ఒక్కరే. చుట్టం కాదు. తూము సంఘంలో పెద్దాయన, ముప్ఫై ఏళ్లుగా ఈ మూడో లాకు స్టేషన్ ఆయనదే.

"ఇది చూశారా బాబాయ్?"

"నువ్వు పుట్టకముందే చూశాను."

"ఎందుకు ఖాళీగా ఉంచాలి?"

"ఉంచమన్నారు, ఉంచాం."

"ఎవరు ఉంచమన్నారు?"

"నాకు సీతాపతి గారు చెప్పారు. ఆయనకి ఇంకెవరో చెప్పుంటారు. ముందు ఆ రొట్టె తినవే. కడుపులో ఏదైనా పడితే కొంచెం చల్లబడతావు."

రొట్టె తిన్నాను. చల్లబడలేదు. కోడ్ అంతా ఇదే వరస. ప్రతి చిక్కు లైను పక్కనా "ఎందుకో ఇక్కడ" అని ఒక వేలు చూపిస్తుంది. ఆ వేలు చూపించిన చోట గోడ కూడా లేదు. సంఘం నెట్‌లో మూడుసార్లు ఇల్లు మారిందట. మారినప్పుడల్లా పాత చిరునామాకి వచ్చినవాళ్లని కొత్తదానికి పంపిస్తామని మాటిచ్చారట. మాటిచ్చినవాళ్లు పోయారు. పాత పేరు అంగట్లోకి పోతే రొయ్యలవాడు కొనుక్కున్నాడు.

"అయితే కారణాలన్నీ పోయినట్టేనా?"

"పోలేదే. కోడ్ రాసినవాళ్లు అప్పట్లో రాసుకున్న ఉత్తరాలన్నీ మెట్ట మీద నిల్వలో పడున్నాయి. ఏది ఏ లైనుదో చెప్పే గుర్తులే పోయాయి. పెళ్లి పందిరి బయట చెప్పుల కుప్ప చూశావా, అలాగన్నమాట."

నమోదు 43. శుద్ధ నవమి

మెట్ట మీద కూర్చుని మా డెల్టాని ఏలే సమాఖ్య నుంచి కబురు వచ్చింది. పాత ఉత్తరాల నిల్వకి కరెంటు పౌర్ణమితో ఆపేస్తారట. "వాడుక లేనందున" అని రాశారు. లంకెలన్నీ తెగిపోయాక వాడుక ఎక్కణ్ణుంచి వస్తుంది? మనిషి కాళ్లు విరగ్గొట్టి, నడవట్లేదు కాబట్టి చెప్పులు దండగ అన్నట్టుంది. ఈ మాట యథాతథంగా వాళ్లకి రాసి పంపాను. బాబాయ్ తల పట్టుకున్నారు.

కుప్ప మొత్తం రేడియో మీద దించుకుంటున్నాను. ఉత్తరం తేదీ, రాసినవాళ్ల పేరు, కోడ్‌లో ఆ లైను చేరిన తేదీ, ఈ మూడూ పక్కపక్కన పెట్టి చూస్తే చెప్పుల జతలు దొరుకుతున్నాయి.

తలుపు దిగేటప్పుడు ముందు జానెడు దిగి, ఆగి, ఆ తర్వాత పూర్తిగా దిగాలని ఒక లైను ఉంది. దండగ అనుకునేదాన్ని. ఇవాళ దాని ఉత్తరం దొరికింది. ఎవరో ఒకావిడ రాసింది. వాళ్లాయన నీళ్లలోకి దిగి గుల్లలు గీకుతుంటే తలుపు ఒక్కసారిగా దిగి కాలు నలిగిపోయిందట. "జానెడు దిగి ఆగితే కాలు తీసుకునే వ్యవధి ఉంటుంది కదండీ, ఈమాత్రం చెయ్యలేరా" అని అడిగింది. ఎవరో చేశారు. నేను రోజూ గుల్లలు గీకేది అక్కడే.

పీతలు గొట్టంలో దూరితే మట్టం తప్పు చూపిస్తుందా లేదా అని నలుగురు ఏడాది పాటు తిట్టుకున్నారు. చదువుతూ నవ్వాను. వాళ్లలో ఎవరూ ఇప్పుడు బతికి ఉండరు. పీతలు మాత్రం ఉన్నాయి.

ఖాళీ చోటు గురించిన ఉత్తరం మాత్రం దొరకలేదు. ఆ ఏడాది ఉత్తరాలే కుప్పలో లేవు. ఎవరి దగ్గరో ఉండి, ఏదో తుఫానులో తడిసిపోయి ఉంటాయి.

నమోదు 46. శుద్ధ ద్వాదశి

జతలు ముప్పావు వంతు కుదిరాయి. ఎక్కడ పెట్టాలన్నదే చిక్కు. స్టేషన్ మిషన్‌లో చోటు కోడ్‌కే బొటాబొటి. దాని పెద్ద డిస్కు పోయినేడు గాలివానకి తడిసింది. కొత్త చిప్పులు చేసేవాళ్లు ఇప్పుడెవరూ లేరు. ఇప్పుడు నేను దించుకున్నది కూడా కోడ్‌ని పౌర్ణమిదాకా పక్క లాకు మిషన్‌లో దాచి, దాని చోట్లో కూర్చోబెట్టింది. పౌర్ణమి తర్వాత కోడ్ వెనక్కి రావాలి, ఉత్తరాలు బయటికి పోవాలి.

గుల్లలు గీకుతూంటే తట్టింది. ప్రతి తలుపులోనూ ఖాళీ చోటుంది! ఉత్తరాలన్నీ అందులో సరిపోతాయి. ఒక చోట కాదు, నలభై పైచిలుకు తలుపుల్లో నలభై పైచిలుకు నకళ్లు. ఏ తుఫాను ఎన్నిటిని ముంచుతుంది? ఏ రొయ్యలవాడు ఎన్నిటిని కొంటాడు? కారణం ఎక్కడో మెట్ట మీద కాదు, పని చేసే తలుపు కడుపులోనే ఉంటుంది. "ఒక చోటే ఉన్నది రేపు ఎక్కడా ఉండదు" అని కరపత్రం అననే అంది.

కోడ్ అంతా మళ్లీ చదివాను, మొదటి లైను నుంచి. ఆ చోటుని తాకే లైను ఒక్కటీ లేదు. అక్కడ ఏదీ రాయరు, అక్కణ్ణుంచి ఏదీ చదవరు. అంటే అది ఒట్టి మూఢనమ్మకం.

సంఘం పద్ధతి ప్రకారం ప్రతిపాదన పెట్టాను. బాబాయ్ అభ్యంతరం అని రాశారు. సంఘంలో ఇంకో పద్ధతి కూడా ఉంది. కారణం చెప్పని అభ్యంతరం మూడు పోట్లు దాటితే చెల్లదు. పెద్దవాళ్లు ఊరికే అడ్డు పడకుండా ఎప్పుడో పెట్టుకున్న నియమం. సంఘంలో నాకు అన్నిటికన్నా నచ్చినది అదే.

"కారణం రాయండి బాబాయ్."

"తెలిస్తే రాయనా?"

"తెలియకపోతే అడ్డెందుకు?"

"భయమేత్తంది."

"భయం కారణం కాదు."

ఆయన కళ్లజోడు తీసి చొక్కాతో తుడుచుకున్నారు. "కాదులే" అన్నారు.

నమోదు 48. శుద్ధ చతుర్దశి

మూడు పోట్లు దాటాయి. బాబాయ్ అభ్యంతరం దానంతటదే పడిపోయింది. పద్ధతి ప్రకారం "చూశాను" అని ఆయనే సంతకం పెట్టారు. పెట్టనంటారేమో, పోట్లాడదామని సిద్ధపడి వెళ్లాను. పెట్టేశారు.

మొదటి తలుపుగా గోరింకదీవి తలుపుని ఎంచుకున్నాను. రేడియో మీద పంపితే మధ్యలో ముక్కలు రాలిపోతాయి. ఒక్కటైనా పూర్తి నకలు ఉండాలని పడవ మీద వెళ్లి, తీగ తగిలించి నింపాను. దీవిలో మా అక్క వరహాలు ఉంటుంది. అమ్మా నాన్నా పోయాక నన్ను పెంచింది తనే.

"రావే తల్లీ, కరపత్రాలు నవిలి నవిలి చిక్కిపోయావు" అంది. నెత్తళ్ల ఇగురు వడ్డించింది.

తలుపులో ఏం పెట్టానో చెప్పాను. ఊరికే చెప్పలేదు, చెయ్యి ఊపుతూ ఉపన్యాసమే ఇచ్చాను.

"అయితే ఇప్పుడు మా తలుపుకి అన్నీ తెలుసన్నమాట."

"అన్నీ."

"మరి దానికి జీతం పెంచాలేమో. నీకన్నా అదే నయం, నోరు మూసుకుని పని చేసుకుంటది."

తిన్నాక నారుమడి చూపించింది. ఉప్పుగాలికి తట్టుకునే వరి, ఏడేళ్లు విత్తనం ఏరి ఏరి నిలబెట్టింది. ఈసారి కాపు వస్తే దీవి మొత్తానికి తన విత్తనమే. పోయినేడు పక్కన పితానిదీవిలోకి ఉప్పునీళ్లు వచ్చాయి. సమాఖ్య వాళ్లు మట్టి పరీక్ష చేసి, దీవిని లెక్కలోంచి కొట్టేసి, జనాన్ని మెట్ట శిబిరాలకి తోలేశారు. ఒకసారి కొట్టేసిన దీవికి మళ్లీ తలుపు నడపరు, గట్టు వెయ్యరు.

"నాకు తలుపు ఒకటి మూసుకుంటే చాలే. మిగతా జ్ఞానం నువ్వు దాచుకో" అంది వరహాలు.

నమోదు 49. పౌర్ణమి, పెద్ద పోటు

మిగతా తలుపులన్నీ రేడియో మీద నింపేశాను. కొన్నిట్లో ముక్కలు రాలాయి, ఫరవాలేదు. మధ్యాహ్నం పెద్ద పోటుకి అన్ని తలుపులూ సమయానికి దిగాయి. నేను గట్టు మీద నిలబడి, దిగే ముందు ఒక్కొక్క తలుపూ కొట్టే గంటని వినపడినంత దూరం విన్నాను.

సాయంత్రానికి మెట్ట నిల్వ ఆగిపోయింది. స్టేషన్ మిషన్‌లోంచి ఉత్తరాలు తీసేసి కోడ్‌ని వెనక్కి పెట్టాను. ఇక అవి తలుపుల్లో తప్ప ఎక్కడా లేవు. గెలిచాననే అనిపించింది. గెలిచినప్పుడు ఇంత దిగులుగా ఉంటుందని కరపత్రాల్లో ఎవరూ రాయలేదు. అలిసిపోయి ఉంటాను.

నమోదు 54. బహుళ పంచమి

తొమ్మిదో తలుపు పోటుకి మూసుకోలేదు. చిన్న పోటు కాబట్టి బతికాం. చేపలవాళ్లు చూసి కేకలేస్తే, బాబాయ్, నేనూ వెళ్లి చేతి చక్రం తిప్పి దించాం. చిప్ కొత్తగా ఏమీ రాసుకోనివ్వడం లేదు. ఆఖరిసారి గుర్తుపెట్టుకున్న నీటిమట్టమే ఇప్పటికీ ఉందనుకుంటోంది. బయట సముద్రం పోటెత్తుతున్నా దాని లెక్కలో ఇంకా పాటే.

"ముసలి చిప్" అన్నాను. విడి బోర్డు పెట్టాం. స్టేషన్‌లో ఉన్నవే మూడు.

తీసేసిన బోర్డుని బాబాయ్ గుడ్డలో చుట్టి ఒళ్లో పెట్టుకున్నారు. దారి పొడుగునా దాన్నే చూస్తూ కూర్చున్నారు. తిట్టినా బాగుండేది.

నమోదు 57. బహుళ అష్టమి

పదిహేడోది. నిన్న పదకొండోది. విడి బోర్డులు అయిపోయాయి.

చచ్చిన బోర్డొకటి బల్ల మీద పెట్టుకుని కూర్చున్నాను. కోడ్ తప్పా? కాదు. తీగలా? కాదు. ఏమీ తోచక, అందులో నేను నింపిన ఉత్తరాలు చెరిపి చూశాను.

చిప్ మళ్లీ రాసుకోవడం మొదలుపెట్టింది.

ఇంకో తలుపులోంచి రేడియో మీద తెచ్చి మళ్లీ నింపాను. కాసేపు రాసుకుని మొరాయించింది. చెరిపాను. లేచింది. ఇంకోసారి చేశాను. తెలియక కాదు, తెలిసిపోయిందని ఒప్పుకోవడం ఇష్టం లేక.

చిప్ లోపలి గదులు రాసీ రాసీ అరిగిపోతాయి. అరిగిన గదిలోది తీసుకెళ్లి ఖాళీ గదిలో పెట్టుకోవడం చిప్ తనంతట తానే చేసుకుంటుంది. దాన్ని చేసినవాళ్లు లోపల పెట్టి మూసేసిన తెలివి అది. మా కోడ్‌లో ఒక్క లైనులో కూడా కనపడదు. నూరేళ్లుగా ఈ ముసలి చిప్పులు ఆ ఖాళీ చోటు మీదే ఊపిరి తీసుకుంటున్నాయి. దాన్ని నేను మూసేశాను. కారణాలతో మూసేశాను.

బాబాయ్‌కి చూపించాను.

"తిట్టండి" అన్నాను.

"ఏమని తిట్టను? ఎందుకో చెప్పలేనివాణ్ణి నేనే గదా."

"మీరు భయమేస్తోందన్నారు."

"భయం కారణం కాదన్నావు. నాకూ నిజమే అనిపించింది."

నమోదు 59. బహుళ దశమి

అమావాస్య పెద్ద పోటు లోపు అన్ని తలుపుల్లోనూ ఉత్తరాలు చెరపాలి. చెరిపే ఆజ్ఞ రేడియో మీద వెళ్లదు. ఎవడో ఆకతాయి దూరం నుంచి ఒక తలుపుని చెరిపేశాడని, పెట్టె తెరిచి బొత్తాం నొక్కిపట్టి ఉంచితేనే చెరిగేలా మార్చారు. ఆ ఉత్తరం కూడా నేనే జత కుదిర్చాను.

పడవ సిద్ధం చేస్తుంటే పోట్లాడుకున్నాం.

"గోరింకదీవి ముందు" అన్నారు బాబాయ్. "ముందు నింపింది ముందు మొరాయిత్తది."

"అది ఆఖరున. పూర్తి నకలు దాంట్లోనే ఉంది. మిగతావన్నీ ముక్కలు. దార్లో దాన్ని రేడియో మీద చదువుకుంటూ, ఒక్కో కారణం ఒక్కో వాక్యం చేసి కోడ్‌లో ఎక్కిస్తాను. వాక్యానికి చోటుంది."

"మీ అక్క ఉంది కదే అక్కడ."

"తెలుసు. అమావాస్యకి ఇంకా టైముంది. చతుర్దశికల్లా అక్కడుంటాం. ఆ బోర్డు అన్నిటికన్నా కొత్తది బాబాయ్, ఆగుతుంది. అందులో ఉన్నది మళ్లీ ఈ భూమ్మీద ఎక్కడా లేదు."

"మీ అక్క కూడా మళ్లీ ఎక్కడా లేదే."

నేను అరిచాను. ఏమని అరిచానో రాయను. ఆయన తాడు విప్పి పడవ ఎక్కారు.

నమోదు 62. బహుళ త్రయోదశి

తలుపు తర్వాత తలుపు. పెట్టె తెరవడం, బొత్తాం నొక్కిపట్టడం, ఎర్ర దీపం ఆరిందాకా ఆగడం. బాబాయ్ పడవ నడుపుతుంటే నేను చదువుతాను, వాక్యం చేస్తాను, ఎక్కిస్తాను. జానెడు దిగి ఆగడం ఎక్కించాను. పీతలు ఎక్కించాను. బాబాయ్ తెడ్డు ఆపి, "పీతల మీద ఏడాది తిట్టుకున్నారా! ఎవరు గెలిచారు?" అని అడిగారు. చాలా రోజుల తర్వాత నవ్వారు.

"పీతలే" అన్నాను.

ఏది ఎక్కించాలి, ఏది వదలాలి? గంట మూడుసార్లు మోగడానికి కారణం వదిలేశాను. ఇద్దరు మిత్రులు ఒక లైను గురించి విడిపోయి, పదేళ్ల తర్వాత అదే లైను కింద క్షమించమని రాసుకున్న ఉత్తరాలున్నాయి. వాటిని వాక్యం చెయ్యడం నాకు చేతకాలేదు.

ఇరవై ఎనిమిదో తలుపు పెట్టె తుప్పు పట్టి మూత రాలేదు. ఉలితో కొట్టి తెరిచేసరికి పొద్దంతా పోయింది. నేను లెక్కలో పెట్టుకున్న ఆ ఒక్క రోజూ అక్కడే పోయింది.

నమోదు 64. అమావాస్య, పెద్ద పోటు

మధ్యాహ్నం పోటు వేళకి గోరింకదీవి మలుపు తిరిగాం. గంట వినపడలేదు. బాబాయ్ నా మొహం చూడలేదు.

తలుపు పైనే ఉంది. దాని కింద నుంచి సముద్రం నున్నగా, చప్పుడు లేకుండా లోపలికి పోతోంది. గట్టు మీద పదిమంది చేతి చక్రం తిప్పుతున్నారు. పావు వంతు దిగాక పళ్లు అరిగి చక్రం ఊరికే తిరిగింది. మిగతా జనం ఇసక బస్తాలు మోస్తున్నారు. వరహాలు చీర దోపుకుని, మోకాలి లోతులో నిలబడి బస్తాలు అందుకుంటోంది.

"ఏమే, మీ తలుపు నిద్దరోయిందా?" అని అరిచింది. కోపం లేదు. నేను వచ్చాను కాబట్టి ఇక బాగవుతుందన్న నమ్మకం ఆ గొంతులో.

పెట్టె తెరిచాను. బొత్తాం మీద వేలు పెట్టాను. నొక్కితే ఆ ఉత్తరాలు పోతాయి, తలుపు మేలుకుంటుంది. ఇంకా సగం కూడా ఎక్కించలేదు. కాలు నలిగినాయన పేరు ఎక్కించలేదు. వాళ్లావిడ పేరు ఎక్కించలేదు. ఒక్క క్షణం ఆగాను.

కాదు. ఇది నా చిట్టా, ఇందులో అబద్ధం రాయను. ఒక్క క్షణం కాదు. బాబాయ్ వెనకనుంచి "రత్నం" అన్నారు. మళ్లీ "నూకరత్నం" అన్నారు. మూడోసారి పిలవకుండా నా చెయ్యి మీద తన చెయ్యి వేశారు, నొక్కలేదు. అప్పుడు నేనే నొక్కాను. ఎర్ర దీపం ఆరిందాకా పట్టుకున్నాను.

తలుపు మేలుకుని మట్టం కొలుచుకుంది, గంట కొట్టింది. జానెడు దిగి ఆగింది. మనుషులు కాళ్లు తీసుకునే వ్యవధి ఇచ్చింది. తర్వాత దిగింది.

అప్పటికి నారుమళ్లలో నీళ్లు నిలిచాయి. వరహాలు వంగి, దోసిట్లో తీసుకుని, నాలికకి తాకించుకుని ఉమ్మేసింది. తర్వాత ఇంకో బస్తా అందుకుంది. ఇక బస్తాలు అక్కర్లేదని ఎవరూ తనకి చెప్పలేకపోయాం.

నమోదు 66. శుద్ధ విదియ

సమాఖ్య వాళ్లు వచ్చి మట్టి తీసుకెళ్లారు. సాయంత్రానికి జవాబు వచ్చింది. గోరింకదీవిని లెక్కలోంచి కొట్టేశారు.

మిగతా తలుపులన్నీ బాగున్నాయి. ఖాళీ చోటు మళ్లీ ఖాళీ అయింది. రొయ్యల కొట్టు లంకె తీసేసి, "ఈ చోటు ఖాళీగా ఉంచండి" అన్న మాట కిందే కారణం రాశాను, ఎక్కడికీ వేలు చూపించకుండా. అరిగే గదుల సంగతి, చిప్ దాచుకున్న తెలివి, తలుపు మట్టం మరిచిపోవడం, గోరింకదీవి. బాబాయ్ చదివారు.

"అభ్యంతరం ఉందా?" అన్నాను.

"లేదు" అన్నారు. సంతకం పెట్టారు. తర్వాత స్టేషన్ తాళాలు బల్ల మీద పెట్టి, "ఇక నా కళ్లు పనికి రావట్లేదే" అన్నారు. ఆయన కళ్లకి ఏమీ కాలేదు. తాళాలు ఇంకా బల్ల మీదే ఉన్నాయి. నేను తియ్యలేదు.

గోడ మీద కరపత్రం చింపేద్దామని లేచాను. చింపలేదు. అందులో ఉన్నది ఇప్పటికీ నిజమే. అదే నన్ను తినేస్తోంది.

నమోదు 70. శుద్ధ షష్ఠి

గోరింకదీవి జనాన్ని మెట్టకి తీసుకెళ్లే పడవలు మా లాకు దగ్గరే ఆగాయి. వరహాలు దగ్గర రెండు మూటలు, ఒక కోడి ఉన్నాయి. విత్తనం తెచ్చుకోలేదు. అంతా నారు పోసేసింది కదా.

"మెట్ట మీద వరి పండదంట. జొన్న వేత్తారంట" అంది. "జొన్నకి నా మీద ఏం నమ్మకమో."

నేను నవ్వలేకపోయాను.

"ఏదో రాశావంట గదా, మా దీవి గురించి. మీ బాబాయ్ చెప్పాడు. చదువు."

కోడ్ చూసుకునే చేతి పరికరం తీసి చదివాను. "ముసలి చిప్పులు అరిగిన గదులకి బదులు ఈ ఖాళీ చోటుని వాడుకుంటాయి. ఇది కోడ్‌లో కనపడదు. ఒకసారి ఈ చోటు నింపడం జరిగింది. అందువల్ల తలుపులు మొరాయించాయి. పెద్ద పోటుకి గోరింకదీవి తలుపు మూసుకోలేదు. దీవిలోకి ఉప్పునీళ్లు వచ్చి, జనం ఊరు వదలవలసి వచ్చింది. కాబట్టి ఎప్పటికీ నింపకండి."

వరహాలు కోడిని చంకలో సర్దుకుంది.

"నింపడం జరిగింది అంటే? వాననీళ్లు నింపాయా?"

నేను పరికరం జేబులో పెట్టెయ్యబోయాను.

"ఎవరు నింపారే?"

"నేను."

"మరి అది లేదేం?"

పడవలవాళ్లు ఎక్కమని తొందర పెడుతున్నారు. అక్కడే మెట్టు మీద కూర్చుని ఆ వాక్యం చెరిపి మళ్లీ రాశాను. ఎందుకు నింపానో కూడా రాశాను. ఏ తలుపుని ముందు చెరపమని బాబాయ్ చెప్పారో, నేను ఏది ఆఖరికి ఉంచానో, బొత్తాం మీద వేలు పెట్టి ఎంతసేపు ఆగానో రాశాను. పేజీ నిండిపోయింది. తల ఎత్తేసరికి వరహాలు పడవ ఎక్కేసింది.

"చదువు" అంది పడవలోంచి.

మొదలుపెట్టాను. ఇంజను స్టార్టయింది. వరహాలు చెవి దగ్గర చెయ్యి పెట్టుకుంది. కోడి అరుస్తోంది. పడవ గట్టు వదిలి కదిలింది. నేను నీళ్ల అంచుదాకా వెళ్లి, వినపడేలా, చదవడం మానేసి అరిచాను.

"నింపింది నూకరత్నం! మూడో లాకు నూకరత్నం!"

గట్టు మీదున్నవాళ్లందరూ తిరిగి నా వైపు చూశారు. పడవల్లో ఉన్న గోరింకదీవి జనం కూడా చూశారు. వరహాలు చెవి దగ్గరి చెయ్యి తీసింది.